ప్రయోగశాలలో భద్రత పాఠంలో భాగం కావాలి

మన కళాశాలల్లో జీవశాస్త్రం చదివే విద్యార్థులు అత్యంత ఉత్సాహంగా చేసే ప్రయోగం రక్తవర్గ నిర్ణయం. వేలి కొనను స్పిరిట్ దూదితో తుడుస్తారు. సూదితో గుచ్చుతారు. గాజుపలక మీద రక్తపు చుక్కలు వేసి యాంటీసీరం కలుపుతారు. చుక్క గడ్డకట్టినట్లు విడిపోయిందా లేదా అని ఆత్రంగా చూస్తారు. అంతవరకు పుస్తకాల్లో చదివిన శాస్త్రం తన ఒంటిలోనే ఉందని విద్యార్థి తెలుసుకునే ఘడియ అది. కాని ఆ సందడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. గుచ్చిన సూది ఆ తరువాత ఎక్కడికి పోతున్నది?

పక్క విద్యార్థి వేలికి పోతున్నదన్నదే సమాధానమైతే అది చిన్న అశ్రద్ధ కాదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో సైతం కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు. సూది మొనను దూదితో ఒకసారి తుడిచినంత మాత్రాన అది నశించదు. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి ప్రబలి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వాడిన సిరంజీలనే మళ్లీ వాడటం అందుకు కారణమని తేలింది. అది వైద్యశాలల వ్యవహారమే కావచ్చు. కాని సూదికి అది ఆసుపత్రిలో ఉన్నదో, కళాశాలలో ఉన్నదో తెలియదు కదా! ఒక విద్యార్థికి ఒక సూది, వాడిన సూదులకు గట్టి గోడల డబ్బా, ఎవరి రక్తపు పలకను వారే బ్లీచింగ్ ద్రావణంలో వేయడం - కావలసింది ఇంతే. ఒక్కో లాన్సెట్ సూది ఖరీదు కప్పు టీ కన్నా తక్కువ.

కంటికి కనిపించే సూది సంగతే ఇలా ఉంటే, కనిపించని సూక్ష్మజీవుల సంగతి చెప్పనక్కరలేదు. తలుపు గడియ మీద, కరెన్సీ నోటు మీద, మురుగు కాలువలో ఏమున్నదో చూద్దామని విద్యార్థులు అగర్ పళ్లాల్లో నమూనాలు పెంచుతారు. మంచి ప్రయోగమే. కాని పెరిగినదేమిటో పెంచినవారికే తెలియదు. పళ్లాన్ని 37 డిగ్రీల వేడిలో ఉంచితే మనిషి ఒంటిలో బతకగల క్రిములను ఏరికోరి పోషించినట్లవుతుంది. అందుకే విద్యార్థుల ప్రయోగాలకు గది ఉష్ణోగ్రత మేలు. పెరిగిన తరువాత మూతను టేపుతో బిగించి పైనుంచే పరిశీలించాలి, తెరిచి వాసన చూడరాదు.

ఇవి ఛాందసపు జాగ్రత్తలని భావించేవారు అమెరికా అనుభవాన్ని గమనించాలి. 2011లో ఆ దేశంలోని 38 రాష్ట్రాలలో 109 మందికి సాల్మొనెల్లా వ్యాధి సోకింది. ఒకరు మరణించారు. ఆరోగ్య శాఖ ఆరా తీయగా, సోకిన క్రిమి ప్రయోగశాలల కోసం అమ్మే రకానికి చెందినదని, వ్యాధిగ్రస్తులలో పలువురికి వైద్య పరీక్షల ల్యాబులతోనో, బోధన ప్రయోగశాలలతోనో సంబంధం ఉన్నదని వెల్లడైంది. ఎన్నడూ ప్రయోగశాల గడప తొక్కని పసిపిల్లలకు కూడా అది సోకింది. తల్లో, తండ్రో, అన్నో, అక్కో చేతులతో, కోటుతో, కలంతో ఇంటికి మోసుకువచ్చారన్నమాట. 2014లో, 2017లో అటువంటివే మళ్లీ సంభవించాయి. అంత సంపన్న దేశంలోనే ఇలా జరిగితే, తెల్లకోటును అన్నం డబ్బా ఉన్న సంచీలోనే మడిచి పెట్టుకుని బస్సెక్కే మన విద్యార్థి మాటేమిటి? ల్యాబు బెంచీ మీద పెట్టిన సెల్‌ఫోన్‌నే ఆ తరువాత చెవికి ఆనించుకోవడం మనం రోజూ చూస్తున్నదే. మన దేశంలో ఇటువంటివి జరగలేదని ధీమాగా చెప్పగలిగేది ఎవరు? విరేచనాలు పట్టుకున్న పిల్లవాడిని చూసిన వైద్యుడు 'మీ ఇంట్లో ఎవరైనా మైక్రోబయాలజీ చదువుతున్నారా?' అని అడగడం మన దగ్గర అరుదు.

విద్యార్థి వారానికి ఒకటి రెండు రోజులు వచ్చి పోతాడు. ఏళ్ల తరబడి అక్కడే ఉండేవాడు ల్యాబ్ అటెండర్. ఫార్మాలిన్ సీసాలు నింపేదీ, పళ్లాలు కడిగేదీ, పగిలిన గాజును చేత్తో ఏరేదీ అతడే. ఫార్మాలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ మానవులలో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది. జంతువుల కోతలను దశలవారీగా మానుకోవాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో మార్గదర్శకాలిచ్చి, 2014లో మరింత కఠినంగా వ్యవహరించింది. కోతలు తగ్గినా బీరువాల్లోని పాత నమూనాల సీసాలు మాత్రం చాలాచోట్ల అలాగే ఉన్నాయి. కళ్లు మండుతూ ఆ ద్రావణం మార్చే మనిషికి గాలి వచ్చే కిటికీ, చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు ఇచ్చిన కళాశాలలను వేళ్ల మీద లెక్కించవచ్చునేమో! భద్రతపై సదస్సులు జరిగినపుడు అతడిని కుర్చీలు వేయడానికి పిలుస్తారే తప్ప వినడానికి కూర్చోబెట్టరు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమావళి ఆసుపత్రులతో పాటు విద్యాసంస్థలను, పరిశోధన సంస్థలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. సూక్ష్మజీవుల కల్చర్లను పుట్టినచోటనే శుద్ధిచేసి ఆ తరువాతే బయటికి పంపాలని, సూదులను గుచ్చుకోని డబ్బాలలో వేయాలని నిర్దేశించింది. అమలులో చాలామంది ప్రిన్సిపాళ్లు ఇవి ఆసుపత్రుల కోసమేననుకుంటున్నారు. తనిఖీకి వచ్చేవారు ప్రయోగశాల వైశాల్యాన్ని కొలుస్తారు, సూక్ష్మదర్శినులను లెక్కపెడతారు. సింకు దగ్గర సబ్బు ఉన్నదా అని మాత్రం చూడరు.

ఆటోక్లేవ్ కొనే స్తోమత లేదన్న వాదన కూడా నిలిచేది కాదు. చదరపు అంగుళానికి 15 పౌనుల ఒత్తిడి, 121 డిగ్రీల వేడి - ఆటోక్లేవ్ చేసే పని ఇదే. బరువు సరిగా ఉన్న వంటింటి ప్రెషర్ కుక్కర్ దాదాపు ఈ పనే చేస్తుంది. అరగంటకు పైగా ఉంచి, చల్లారాక తీస్తే చిన్న కళాశాల అవసరం తీరుతుంది. అయితే ఆ కుక్కర్ మళ్లీ వంటకు పోకూడదు!

లోపం డబ్బులో కన్నా మార్కులలో ఉంది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 12వ తరగతి జీవశాస్త్ర ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు కేటాయించింది. ప్రధాన ప్రయోగానికి 5, చిన్న ప్రయోగానికి 4, స్లైడు తయారీకి 5, నమూనాల గుర్తింపుకు 7, రికార్డుకు, మౌఖిక పరీక్షకు కలిపి 4, ప్రాజెక్టుకు 5. చేతులు కడుక్కున్నందుకు, సూదిని సరైన డబ్బాలో వేసినందుకు వేరుగా ఒక్క మార్కూ లేదు. మార్కు లేనిదానిని మన విద్యార్థి నేర్చుకోడు, అధ్యాపకుడు నేర్పడు. ఇందుకు వారిని నిందించి ప్రయోజనం లేదు. ఒకే గంటలో నలభై యాభై మందితో ప్రయోగం చేయించవలసిన అధ్యాపకునికి ఎంతమంది చేతుల వంక చూసే వీలుంటుంది?

భద్రత పేరు చెప్పి ప్రయోగాలనే ఎత్తివేసి గోడ పటాలతో, కంప్యూటర్ బొమ్మలతో సరిపుచ్చే ధోరణి ఇప్పటికే కనిపిస్తోంది. పరీక్షకు ముందు పక్షం రోజులు మాత్రమే ల్యాబు తాళం తీసే కళాశాలలకు ఇది అందివచ్చిన సాకు. రేపు ఆసుపత్రిలో రక్తనమూనా తీయబోయేది, పరిశ్రమలో కల్చర్లు పెంచబోయేది నేటి ఈ విద్యార్థులే. అక్కడికి వెళ్లాక నేర్చుకోవచ్చుననుకోవడం ప్రమాదకరం. 30లో మూడు మార్కులను నమూనాల గుర్తింపు నుంచి తీసి భద్రతకు ఇవ్వడానికి విద్యామండళ్లకు అదనపు నిధులేవీ అక్కరలేదు. రాష్ట్ర ఇంటర్మీడియట్ బోర్డులు, విశ్వవిద్యాలయాలు కూడా వచ్చే విద్యాసంవత్సరం ప్రశ్నపత్రాలు తయారు కాకముందే ఈ మార్పు చేయవచ్చు. తనిఖీ బృందాల పత్రంలో సబ్బు, సూదుల డబ్బా, కుక్కర్, అటెండర్ చేతి తొడుగులు అనే నాలుగు గడులు చేర్చడం మరింత సులభం.