గడసాము ఏ పట్టికలో ఉంది?

2016 సెప్టెంబరులో కిర్గిజ్‌స్తాన్‌లోని ఇసిక్‌కుల్ సరస్సు తీరాన రెండవ ప్రపంచ సంచారజాతుల క్రీడలు జరిగాయి. వాటికి అమెరికా నుండి కౌబాయిల జట్టు ఒకటి వెళ్లింది. గుర్రపుస్వారీ వారికి కొట్టినపిండి. ఆడవలసిన కోక్‌బోరు మాత్రం కొత్త. తల తీసిన మేక కళేబరాన్ని గుర్రం మీది నుండి వంగి నేల మీద నుండి ఎత్తుకొని, ప్రత్యర్థులు తమ గుర్రాలతో నెట్టుతుండగా, అవతలివారి గుండ్రని గద్దెలో పడవేయాలి. కళేబరం బరువు ముప్పయి కిలోల పైమాటే. ఆటే వృత్తి కాని ఆ ఔత్సాహికులకు పతకం రాలేదు. స్వర్ణం ఆతిథేయులకే దక్కింది.

నాకు ఆ ఓటమి ముచ్చటగా తోచింది. పొరుగువాని ఆటను వాని మైదానంలో, వాని నియమాలకు లోబడి ఆడి ఓడటం కంటె ఆ ఆటకు చేయగల మర్యాద ఏమున్నది? 2014లో 19 దేశాలతో మొదలైన ఈ క్రీడలకు 2024లో అస్తానాలో 89 దేశాలవారు వచ్చారు. సోవియట్ పాలనలో బలవంతంగా ఒకచోట కుదురుకోవలసి వచ్చిన జాతులు తమ గుడారాన్ని, గద్దవేటను సిగ్గుపడక లోకం ముందు నిలిపాయి. తొగూజ్ కోర్గోల్ అనే ఆట కూడా అక్కడ పోటీయే: ఒక్కొక్కరికి తొమ్మిది గుంటలు, గుంటకు తొమ్మిది గింజలు. మన వామనగుంటలకు పెత్తల్లి బిడ్డ అన్నమాట! 2020లో దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మన గుంటలపీట అటకెక్కింది.

సరే, పీటను దించుకోవచ్చు. మన సంచారజాతుల మాటేమిటి?

ఓరుగల్లు వీధిలో గొరగపడుచు వెనక్కు వంగి నీటిలోని ముక్కరను అందుకొన్న విన్యాసాన్ని క్రీడాభిరామం మెచ్చుకొంది. అటువంటి దేహవిద్యనే కులవృత్తిగా ఊరూరా మోసుకు తిరిగినవారు దొమ్మరులు. లక్డీకాపూల్ నుండి నుమాయిష్‌కు నాంపల్లి దారిన నడిచే రోజుల్లో, ఎక్కడో డోలు మోగితే జనం మూగేవారు. నాలుగు వైపులా తాళ్లతో బిగించిన వెదురుగడ. దాని కొసన పొట్ట ఆనించి గిరగిర తిరిగే మనిషి. దిగి వచ్చాక ఆ మనిషే పళ్లెం పట్టుకొని తిరిగితే, మూగిన జనం పలుచబడేవారు. చూసినది విద్య, వేసినది భిక్షం. ఇంకా ఘోరం, ఆ కులం పేరు మన నోళ్లలో తిట్టయి కూర్చుంది. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కింద తెల్లదొరలు తయారుచేసిన జాబితాల్లోకీ వారు ఎక్కారు. ఆ చట్టం 1952లో పోయింది. తిట్టు పోలేదు.

నేను పనిచేసిన ఒక బడిలో ఆ కులపు పిల్లవాడొకడు ఉండేవాడు. చేతుల మీద నడిచేవాడు. డ్రిల్లు పీరియడులో వాణ్ణి ముందు నిలబెట్టవలసిన వ్యాయామోపాధ్యాయుడు, “ఇది బజారు కాదురా” అని వెనక వరుసకు పంపాడు. ఆ వేసవి తరువాత వాడు మళ్లీ బడికి రాలేదు.

మల్లఖంబం సంగతి చూడండి. అదీ స్తంభమే, ఎక్కేదీ మనిషే. ఖేలో ఇండియా యువజన క్రీడల్లో దానికి చోటు దొరికింది, నాకు సంతోషమే. దానికి వ్యాయామశాలలున్నాయి, గురువులున్నారు, నియమాలు రాసిపెట్టినవారున్నారు. గడసాముకు గాడిద మీది మూటాముల్లే తప్ప చిరునామా లేదు. తేడా కండలో లేదు, కాగితంలో ఉంది.

పసిపిల్లలను తాడెక్కించి డబ్బులు దండటాన్ని నేను సమర్థించను. పొట్టకూటి కోసం ఎక్కిన గడను వారి పిల్లలు మళ్లీ ఎక్కి తీరాలనీ అనను. చదువుకొని గుమాస్తా అవుతానంటే అంతకంటె కావలసినదేమిటి? నా మాట విద్య గురించి. కింద పరుపు, నడుముకు కట్టు, వయసుకు హద్దు, గెలుపోటములకు లెక్క: ఇవి పెడితే గడసాము పోటీక్రీడ కాకపోవటానికి కారణం నాకు కనబడదు. అబిడ్స్‌కు కూతవేటు దూరంలో లాల్‌బహదూర్ స్టేడియం ఉంది. ఏడాదికి ఒక్కరోజు అక్కడ గడ నాటనివ్వాలి. గడ ఎక్కిన పెద్దలు ఉండగానే వారిని శిక్షకులుగా పెట్టుకొని జీతమివ్వాలి. పట్టా అడగకూడదు.

ఆ తరువాత కిర్గిజ్ కుర్రాళ్లు వచ్చి మన గడ మీది నుండి జారిపడితే, చప్పట్లు కొట్టటానికి నేను ముందు వరుసలో కూర్చుంటాను.