తలను కాచు కవచము
చలనచిత్రములలోని చిన్న వేషములను నమ్ముకొనినవారికి, లైట్‌మెన్లకు, సహాయ దర్శకులకు నిలయమైన మన కృష్ణానగర్‌లో, అర్ధరాత్రి షూటింగు ముగించుకొని బైకుపై ఇల్లు చేరు యువకుల హెల్మెట్లు తలపై గాక మోచేతులకు వ్రేలాడుచుండుట నా మనస్సును కలచివేయుచున్నది. 2021 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి దుర్గం చెరువు తీగల వంతెన సమీపమున, రోడ్డుపై పేరుకొనిన ఇసుకలో బైకు జారి పడిన నటుడు సాయిధరమ్ తేజ్‌కు కాలర్‌బోన్ విరిగినను, హెల్మెట్టు ధరించి యుండుటచే ప్రాణము దక్కెనని పోలీసులే చెప్పిరి. ఇది ఒక్కని అదృష్టమని త్రోసిపుచ్చరాదు: పలుదేశముల పరిశోధనలను క్రోడీకరించి 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, హెల్మెట్టు మరణావకాశమును సుమారు 42 శాతము, తలగాయమును 69 శాతము తగ్గించునని తేల్చినది. పైపెంకు దెబ్బను విశాలముగా పంచగా, లోపలి థర్మోకోల్ పొర తాను నలిగి, తల ఆగుటకు మరికొన్ని మిల్లీసెకండ్ల వ్యవధి నిచ్చును. నలిగిన పొర మరల పూర్వస్థితికి రాదు గనుక, ప్రమాదమున దెబ్బతినిన హెల్మెట్టును పారవేయవలసినదే. ఛాతీని అది కాపాడజాలదు, మిక్కిలి వేగమునకు అదియు లొంగును. అంతమాత్రమున దానిని వ్యర్థమనుట అన్యాయము. నాకు అంతకంటె ఆగ్రహము కలిగించునది, 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్రలేని హెల్మెట్ల అమ్మకము నిషిద్ధమైనను, చలానా భయమున మాత్రమే కొనబడు ఆ బోలు టోపీ. దాని పట్టీనైనను బిగింపరు, బిగింపవలెనని మోటారు వాహన చట్టము 129వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నను, వెనుక కూర్చుండిన భార్యకును తల్లికిని అదే నియమము వర్తించుచున్నను.