మొక్కకు నీళ్లు పట్టే మనిషి సర్వీసు మాటేమిటి?

మాది రావికమతం. విశాఖలో ఒక విశ్వవిద్యాలయం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. నియామకాలు, సెలవులు, ఇంక్రిమెంట్లు, పదోన్నతుల ఫైళ్ల మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే గ్రీన్ క్యాంపస్ అన్నప్పుడల్లా నాకు చెట్లకంటే ముందు సర్వీసు నిబంధనలు గుర్తొస్తాయి.

ఒక్క పదోన్నతి ఫైలు చూడండి. పట్టాలు, నియామక ఉత్తర్వులు, సెమినార్ సర్టిఫికెట్లు, పరిశోధనా పత్రాలు అన్నీ జిరాక్స్ తీయించాలి. ఒకవైపే ప్రింటు. పైన ప్లాస్టిక్ అట్ట, స్పైరల్ బైండింగ్. కమిటీలో ఎందరుంటే అన్ని సెట్లు. ఆ పట్టాల వివరాలూ ఉత్తర్వుల వివరాలూ దరఖాస్తుదారు సర్వీసు రిజిస్టర్‌లో ఎప్పుడో ఎక్కాయి. ఆ రిజిస్టర్ మా సెక్షన్ బీరువాలోనే ఉంటుంది! ఇంటర్వ్యూ అయ్యాక సెట్లన్నీ మూటలై స్టోర్‌రూమ్ చేరతాయి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక పెన్షనరు బతికున్నానని చెప్పడానికి వేలిముద్ర చాలుతోంది. చదువుకున్నానని చెప్పడానికి ఇంత కాగితం ఎందుకు?

కాగితం సంగతి అలా ఉంచుదాం. ఏ పనిని పనిగా లెక్కపెడుతున్నామన్నది అంతకంటే పెద్ద విషయం. 2018 యూజీసీ నిబంధనల్లో అధ్యాపకుల పదోన్నతికి తరగతులు, పరిశోధన, పరీక్షల విధులు, ఎన్ఎస్ఎస్ వంటివి లెక్కకొస్తాయి. నీళ్లు, కరెంటు, చెత్త విషయంలో పడిన పాటుకు విడిగా గడి లేదు. విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్ మాత్రం సంస్థను వీటన్నిటి గురించీ అడుగుతుంది, గ్రీన్ ఆడిట్‌తో సహా. మార్కులు సంస్థకు వస్తాయి, పనిచేసిన మనిషికి రావు. హాస్టల్‌లో కారుతున్న ట్యాంకుల వెంటపడి బాగుచేయించిన వార్డెన్‌ని చూశాను. వాడేసిన రసాయనాలను సింకులో పోయనివ్వని ల్యాబ్ అటెండర్‌ని చూశాను. వాళ్ల సర్వీసు రిజిస్టర్లలో ఆ ముక్క ఎక్కడా లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది తోటమాలుల పరిస్థితి. జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి అతిథులు నాటిన మొక్కకు ఏప్రిల్ ఎండల్లో నీళ్లు పట్టేది వాళ్లే. చాలాచోట్ల వాళ్లిప్పుడు ఔట్‌సోర్సింగ్. ఏజెన్సీ మారితే మనిషి మారతాడు. కొత్త టెండరు ఖరారయ్యేదాకా గొట్టం పట్టుకునే నాథుడుండడు. ఏ వాల్వు ఎక్కడుందో, ఏ లైనులో నీళ్లు సన్నగా వస్తాయో తెలిసిన పాత మనిషి వెళ్లిపోతే ఆ తెలివిడి కూడా అతనితోనే పోతుంది. మా కళ్యాణపులోవ జలాశయం కింద సాగుచేసే రైతులను అడగండి, తూము దగ్గర లస్కర్ ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో చెబుతారు.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. మన విశ్వవిద్యాలయాల పాలకమండళ్లు ఈ సందర్భంలోనైనా మూడు పనులు తలకెత్తుకోవాలి. సర్వీసు రిజిస్టర్‌లో ఉన్న కాగితాన్ని ఉద్యోగిని మళ్లీ అడగొద్దు. వార్షిక మదింపు పత్రంలో పర్యావరణానికి ఒక గడి పెట్టండి, అది అటెండరుకూ వర్తించాలి. ఏజెన్సీ మారినా తోటమాలులను, పారిశుధ్య సిబ్బందిని కొనసాగించాలన్న షరతు టెండరులోనే రాయండి. మూడూ ఒకేసారి కుదరదంటే ముందు ఆ షరతు రాయండి, వచ్చే టెండరు పిలిచేలోగా.