వేసవి పాటల్లో మన పాట ఎక్కడ?

సంచికకు ఏదైనా రాసివ్వండన్నా అని తమ్ముళ్లు అడిగినప్పుడు, ఈసారి బరువైన విషయం వద్దు, ఎండాకాలంలో మనకు నచ్చే పాటల గురించి సరదాగా నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాం. పేపర్ల ఆదివారం అనుబంధాల్లో, టీవీల్లో అలాంటి జాబితాలు ఏటా చూస్తూనే ఉన్నాం కదా! మామిడిపండ్లు, పిల్లగాలి, సముద్రపొడ్డు, సెలవులు – వీటిలో ఏదో ఒకటి ఉంటే అది వేసవి పాట. తీరా కాగితం ముందేసుకుని కూర్చున్నాక మా జాబితాలో వీటిలో ఒక్కటీ రాలేదు. అందుకే ఈ వ్యాసం అనుకున్నంత సరదాగా లేదు.

మేము అంటే ఎవరో చెప్పాలి. ఈ హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పదో తరగతి దాకా చదివిన బ్యాచ్ మాది. రాస్తున్న చెయ్యి ఒక్కటే అయినా ఇందులోని జ్ఞాపకాలు అందరివీ. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూడటం మాతోనే మొదలు. ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. మా అమ్మానాన్నలు కొందరు మిరప చేలల్లో, కొందరు పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర, ముగ్గు మిల్లుల దగ్గర పని చేసినవాళ్లే.

మన వైపు ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. రేడియోలో అత్యధిక ఉష్ణోగ్రత అనగానే రెంటచింతల పేరు వినపడేది. బట్టీ పక్కన నిలబడ్డవాడికి ఆ లెక్కతో పని లేదనుకోండి! అసలు సంగతి ఏమిటంటే, ఊళ్లో వాళ్లు వేసవి సెలవులు అనుకునే రోజులే మనకు పని రోజులు. మిరప కోత సంక్రాంతి దాటాక ఊపందుకుని ఏప్రిల్ దాకా సాగుతుంది. కోసిన కాయ కల్లంలో ఆరబెట్టాలి, తాలు ఏరాలి, టిక్కీలకు ఎత్తాలి, గుంటూరు యార్డుకు పంపాలి. చేలల్లో పని అయిపోయాక కూడా నీడ పట్టున కూర్చుని తొడిమలు తీసే పని ఉంటుంది. పరీక్షలు రాసి హాస్టల్ తాళం పడగానే మేము చేరేది అక్కడికే. ముక్కులకు గుడ్డ కట్టుకుని, మంటెక్కిన వేళ్లతో కళ్లు తుడుచుకోకుండా ఉండటం నేర్చుకోవడమే మా వేసవి శిక్షణా శిబిరం!

మేము విన్న మొదటి వేసవి పాటలు అక్కడివే. వాటికి పేరు లేదు, రాసినవారెవరో తెలియదు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. మేస్త్రి తూకం మీద ఎత్తిపొడుపు, పుట్టింటికి పంపని మొగుడి మీద విసురు, అల్లుడు చూసిపోయిన పిల్ల సంగతి, అన్నీ అందులోనే. పాట మధ్యలో మేస్త్రి వస్తే పేరు మారిపోతుంది, పాట ఆగదు. చివరి చరణానికి నవ్వు, ఆ తర్వాత దగ్గు. మిరప ఘాటు గొంతులో ఉండగా పాడటం ఎంత కష్టమో సంగీతం నేర్చినవాళ్లు ఒకసారి పాడి చూడాలి.

ఇక ఏప్రిల్ దగ్గర పడేకొద్దీ పల్లెలో పాటలు మారతాయి. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్. మాలో చాలామంది ఇళ్లలో బైబిలు పక్కన ఉన్న ఒకే ఒక్క పాటల పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు బడి ముఖం చూడని మా నాయనమ్మలకు నోటికి వచ్చు. రాగాల పేర్లు తెలియకుండానే రాగాలు పాడారు.

ఆ తర్వాత ఏప్రిల్ 14. మనకు అసలైన వేసవి పండుగ ఇదే. అంతకు ముందే 5న జగ్జీవన్‌రామ్ గారి జయంతి, 11న ఫూలే జయంతి. అంబేద్కర్ విగ్రహానికి రంగులు వేయడం, తోరణాలు కట్టడం, మైకు సెట్టు బిగించడం, ఆ రాత్రంతా పాటలు. 1985 జులై 17న కారంచేడులో జరిగింది మేము పుస్తకాల్లో చదవకముందే పాటగా విన్నాం. అక్కడ తిరగబడి నిలిచిన ఆడవాళ్లను పులులతో పోల్చిన గద్దర్ పాట అది. ఆ పాటతోనే మాకు చరిత్ర పాఠం మొదలైంది. గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. 1991లో చుండూరు ఘోరం జరిగిందీ ఆగస్టు 6నే. యాదృచ్ఛికమే గానీ ఆ రోజు మాకు అన్నం సయించలేదు.

గోరటి వెంకన్న గారి పల్లె పాట కూడా అలాగే తెలిసింది. 2002లో "కుబుసం" సినిమాలోకి వచ్చాక ఊరూరా పాడారని పెద్దవాళ్లు చెబుతారు. ఆయనకు 2021 సంవత్సరానికి "వల్లంకి తాళం"కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు, మా అమ్మలు పాడే లాంటి బాణీలకే ఢిల్లీలో గౌరవం దొరికిందని ఆ రోజు మెస్సులో అందరికీ టీ ఇప్పించాం.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. ఇప్పుడు ఏప్రిల్ 14న డీజే బాక్సులు వస్తున్నాయి. మేమూ వాటి ముందు ఎగిరాం, కాదనం. కానీ ఆ దరువులో మాట వినపడదు. ప్రేమ పాటలో మాట వినపడకపోతే పోయేదేమీ లేదు. కారంచేడు పాటలో మాట వినపడకపోతే ఇంక మిగిలేదేమిటి? డప్పు మీద పాడితే వెనక వరసలో ముసలామెకు కూడా ప్రతి మాటా తెలిసేది. చందా డబ్బులు బాక్సులకు పోస్తున్నాం, పాడే మనిషికి మాత్రం శాలువా కప్పి పంపేస్తున్నాం.

వేసవి రాత్రుల్లో ఊళ్లలో హరిశ్చంద్ర నాటకం ఆడతారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, కాటి సీను వచ్చేసరికి జనం ఎదురుచూసేది గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాల కోసం. వినుకొండలో 1895లో పుట్టిన మన జాషువా! డి.వి. సుబ్బారావు గారు ఆ పద్యాలు పాడిన తీరు తెలుగు నేల అంతటా తెలుసు. ఏ పల్లె మనిషిని ఊరి బావి దగ్గరికి రానివ్వలేదో, ఆ పల్లె మనిషి రాసిన పద్యానికి ఊరి పెద్దలు వన్స్‌మోర్ కొట్టడం మేము కళ్లారా చూశాం. అది చూసి మాకు నవ్వు వచ్చిందో, ఏడుపు వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇన్ని చెప్పి సినిమా పాటలు వద్దంటారా అని తమ్ముళ్లు అడగవచ్చు. అనం. స్టడీ అవర్ అయ్యాక గోడ పక్కన చేరి సినిమా పాట పాడని హాస్టల్ విద్యార్థి ఎవరైనా ఉన్నాడా? పైగా సినిమా పాటకూ చేలోని పాటకూ మధ్య గోడేమీ లేదు. "రోజులు మారాయి" 1955 నాటి సినిమా. అందులో ఏరువాక పాట రాసిన కొసరాజు గారిది బాపట్ల దగ్గర అప్పాపురం. జానపద బాణీలో వచ్చిన ఆ పాటను జిక్కి పాడితే వహీదా రెహమాన్ నాట్యం చేశారు. అదే వరస తర్వాత ఎస్.డి. బర్మన్ చేతుల మీదుగా హిందీ సినిమాకు వెళ్లింది. అంటే మన చేలల్లో పుట్టిన లాంటి బాణీ బొంబాయి దాకా పోయింది! మొన్నటికి మొన్న "బలగం" సినిమాలో పల్లెటూరి మీద పాట రాసినందుకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ అవార్డు ప్రకటించారు. సినిమా వాళ్లకు మన పాట విలువ బాగానే తెలుసు. తెలియనిది మనకే. ఎలాగంటారా, మా తప్పే చెబుతాం.

2018 మార్చి. మేము పదో తరగతి. ఆ ఏడు వార్షికోత్సవంలో ఎటు చూసినా "రంగస్థలం" పాటలే. సినిమా ఇంకా విడుదల కాలేదు, చంద్రబోస్ గారి మాటలు మాత్రం అప్పటికే పిల్లల నోళ్లలో నానుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ట్రాక్ పెట్టి డ్యాన్సులు. మధ్యలో దాచేపల్లి వైపు నుంచి వచ్చి తొమ్మిదో తరగతి చదువుతున్న తమ్ముడొకడు స్టేజీ ఎక్కాడు. ట్రాక్ లేదు. చేతులు వెనక కట్టుకుని, తొడిమలు తీసేటప్పుడు వాళ్లమ్మ పాడే పాట ఎత్తుకున్నాడు. మంచి గొంతు. రెండు చరణాలు అయ్యాయో లేదో వెనక నుంచి ఎవరో "కూలి పాట రా" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. ఈలలు, "ట్రాక్ పెట్టండి" అని కేకలు. వాడు ఆగాడు. అందరికీ దణ్ణం పెట్టి దిగిపోయాడు. వెంటనే డ్యాన్స్ పాట మొదలైంది.

ఆ ఈల వేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఆ తర్వాత ఏడాది కూడా వాడు ఇక్కడే చదివాడు. పాడమంటే నవ్వి ఊరుకునేవాడట. మేము ఎందుకు నవ్వామో అర్థం చేసుకోవడానికి మాకు డిగ్రీ దాకా పట్టింది. ఆ హాలులో ఆ పాట తెలియనివాడు ఒక్కడూ లేడు. ఎవరి అమ్మ పాట వాళ్లకు గుర్తొచ్చింది. నవ్వకపోతే మా ఇంటి సంగతి బయటపడుతుందని నవ్వాం. అందరి ఇంటి సంగతీ ఒకటే అయినచోట ఎవరి దగ్గర దాచాలనుకున్నామో! కాలేజీలో ఎవరైనా నవ్వి ఉంటే ర్యాలీ తీసేవాళ్లం. మన హాస్టల్లో మనమే నవ్వాం కనుక ఎవరూ ఏమీ అనలేదు.

మనకు దగ్గర్లోనే ఉన్న కారంపూడిలో పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు ఉన్నారు. అది కార్తీకం నాటి ముచ్చట, వేసవిది కాదు గానీ ఇక్కడ చెప్పక తప్పదు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడి నోట ఆ కథ విని రికార్డు చేసుకుని, ఇంగ్లీషులో పుస్తకం చేస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అచ్చువేశారు. మేము ఆ పుస్తకాన్ని యూనివర్సిటీ లైబ్రరీలో చూసి ఆశ్చర్యపోయాం. ఎక్కడో ఖండాంతరాల అవతల నుంచి వచ్చిన మనిషికి చెవి ఉంది. పక్క మంచం మీద పడుకునే మాకు లేకపోయింది.

అందుకని పోయిన వేసవిలో ఆ తమ్ముడికి ఫోన్ చేశాం. హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు. ఆ రోజు సంగతి ఎత్తి, తప్పయిందిరా అన్నాం. కాసేపు మాట్లాడలేదు. "ఆ పాట నాకిప్పుడు రాదన్నా, కావాలంటే అమ్మనడగండి" అన్నాడు. వెళ్లాం. ఆమె తొడిమలు తీస్తూనే ఉంది. షెడ్డులో పాట ఉంది, కానీ అది మేకుకు తగిలించిన ఫోనులోది. ఎందుకమ్మా పాడటం లేదని అడిగితే ఆమె చెప్పిన కారణం మాకు తట్టనిది. "కిలోకింత అని లెక్కయ్యా. ఎవరి కుప్ప వాళ్లది. పాట అందుకుంటే చెయ్యి ఆగుతది." రోజు కూలికి అందరూ ఒక వరసలో ఉన్నప్పుడు పాట పనిని లాగేది. కుప్పలు వేరయ్యాక పాట పనికి అడ్డమైంది. పైగా ఇప్పుడు ముఠాలు వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి కూడా వస్తున్నాయి. ఒకరి పాట ఒకరికి తెలియదు. తప్పంతా సెల్‌ఫోనుదే అనుకుని వెళ్లిన మేము ఆ మాటతో నోరు మూసుకున్నాం.

ఇక మా అభిప్రాయం. వార్షికోత్సవంలో ఒక అరగంట ట్రాక్ లేకుండా ఉండాలి. ఇంటి పాట వచ్చినవాళ్లు పాడాలి, రానివాళ్లు వినాలి, ఎవరు ఈల వేసినా పెద్ద తరగతుల వాళ్లు ఆపాలి. జానపద నృత్యం పేరుతో సినిమా పాటకు పంచె కట్టి ఎగరడాన్ని మాత్రం ఇందులో కలపవద్దని మనవి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లే ప్రతి తమ్ముడూ ఒక్క పాట తేవాలి. ఫోనులో రికార్డు చేయండి, కాగితం మీద కూడా రాయండి. పాడినవారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేవారో కింద రాయండి. ఫోను పోవచ్చు, కాగితం ట్రంకులో ఉంటుంది. వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాటికి ఇవ్వాలి. అందుకయ్యే ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.

మేము తెచ్చిన పాట ఇంకా పూర్తి కాలేదు. ఆ తమ్ముడి అమ్మ మూడు చరణాలు పాడి ఆగిపోయింది. నాలుగోది ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. "మా అక్కకు వచ్చు, అది నాకంటే బాగా పాడుద్ది. నడికుడి అవతల ఉంటది, కళ్లు సరిగా కనపడవు దానికి. తొందరగా వెళ్లండి" అంది. ఈ వేసవిలో మొదటి ప్రయాణం అక్కడికే. ఎవరైనా వస్తామంటే చెప్పండి, పిడుగురాళ్ల స్టేషన్లో కలుద్దాం.