752 మంది చేసిన నేరమేమి?

కెనడాలోని మానిటోబా రాష్ట్ర రాజధానియగు విన్నిపెగ్ నగరమునకు పడమట, అసినిబోయిన్ నదీతీరమున, ట్రాన్స్-కెనడా రహదారి కిరుప్రక్కల విస్తరించియున్న హెడింగ్లీ యను చిన్న గ్రామీణ మునిసిపాలిటీపై నగరపక్షమువారి అభియోగ మెల్లప్పుడు నొక్కటియే: అది నగరపు నీడను పెరుగుచు నగరమునకు పన్ను కట్టదు; నగరజనమును తనవైపునకు లాగికొనుచున్నది; కావున అట్టి గ్రామములను బలవంతముగనైనను ఒక ప్రాంతీయాధికారమునకు లోబరచవలెను. ఈ వాదము అన్యాయమైనది మాత్రమే కాదు, అంకెల ముందు నిలువజాలనిది కూడ.

2016 జనగణన నాటికి హెడింగ్లీ జనసంఖ్య 3,579. 2021 నాటికి 4,331. వృద్ధి 21 శాతమని చాటి, నగరపు 6.3 శాతముతో పోల్చి, విమర్శకులు భయము గొల్పుదురు. ఆ శాతము చాటున నున్న మనుష్యు లెందరని మాత్రము ఒక్కరును అడుగరు. 752 మంది. అదే అయిదేండ్లలో విన్నిపెగ్ 7,05,244 నుండి 7,49,607కు, అనగా 44,363 మంది మేరకు పెరిగినది. ఇంతమందిని తనలో జేర్చుకొనిన మహానగరము, 752 మందిని జూచి తన ప్రజ తరలిపోవుచున్నదని వాపోవుట యే తర్కమునకు నిలుచును?

హెడింగ్లీ నిన్న మొన్న కట్టిన ఇండ్ల వరుస కాదు. మానిటోబా కెనడాలో రాష్ట్రముగ నేర్పడిన 1870కి పూర్వమే, 1850ల దశకముననే, అచ్చట నొక క్రైస్తవ పారిష్ వెలసియుండెను. నాటి భూవిభజన మిక్కిలి గమనింపదగినది: నదివైపున సన్నని ముఖముతో, వెనుకకు రమారమి రెండు మైళ్ల పొడవున సాగు పట్టీలుగ భూమిని పంచుకొనిరి, కావున ప్రతి కుటుంబమునకును నదిలో నీరు, గట్టున చెట్లు, ఆవల దుక్కి భూమి, దానికి వెనుక పశువుల మేతకు పచ్చిక, అన్నియు నొక్క పట్టీలోనే సమకూడెను. తమ భూమిని తామే ఇట్లు తీర్చుకొనిన జనసమాజమును 1972లో మానిటోబా ప్రీమియర్ ఎడ్వర్డ్ ష్రయర్ ప్రభుత్వము, పరిసర పట్టణములతోపాటు, 'యూనిసిటీ' యను పేర విన్నిపెగ్‌లో కలిపివేసినది.

కలిపి యేమి చేసినది? పన్ను నగరపుది, వసతి గ్రామపుది యని హెడింగ్లీవాసులు మొరపెట్టుకొనిరి. 20 ఏండ్ల కాలము నగరసభకు అధికారము నుండెను, అవకాశమును నుండెను. అయినను ఆ మొర తీరలేదు. తుదకు ప్రజాభిప్రాయ సేకరణము జరిగి, ప్రీమియర్ గారీ ఫిల్మన్ ప్రభుత్వకాలమున, 1992లో హెడింగ్లీ వేరుపడి స్వతంత్ర మునిసిపాలిటీ యయ్యెను. తన ఇంటికి తానే రాజైన ఆ గ్రామము నేడు కార్టియర్ ప్రాంతీయ జలసహకార సంఘమున పొరుగు గ్రామములతో గూడి నీటిని సమకూర్చుకొనుచున్నది. సహకారమునకు బలవంతముతో పనిలేదని ఇంతకన్న స్పష్టముగ నెవరు నిరూపింపగలరు?

హెడింగ్లీవాసులలో ననేకులు నగరమున నుద్యోగములు చేయుదురు, నగరపు రోడ్లను వాడుకొందురు. నిజమే. వాడుకకు తగిన వెల నిర్ణయించుడు. సేవల ఒప్పందము వ్రాసికొనుడు. రాష్ట్రప్రభుత్వము తన వంతు భరింపవలెను. రోడ్డు ఖర్చునకు పరిష్కారము రోడ్డు ఖర్చుతోనే కుదురును గాని, ఒక గ్రామపు స్వపరిపాలనను హరించుటతో కుదురదు.

ఇంత జరిగినను పాఠము వంటబట్టలేదు. 2023లో రాజధాని ప్రణాళికా ప్రాంతమను పేర విన్నిపెగ్‌తో సహా 18 మునిసిపాలిటీలను చట్టముచే నొక గాట గట్టిరి. మరుసటి వేసవిలో జనాగ్రహము పెల్లుబికినంతట ప్రీమియర్ వాబ్ కిన్యూ, ఇష్టములేనివారు వైదొలగుటకు చట్టమును సవరింతుమని ప్రకటింపవలసివచ్చెను. ఆ మాట ముందే యనియుండిన ఈ రభస యుండెడిదా? అడుగక కలుపుట, అలిగిన పిదప విడుచుట, విడిచిన పిదప నిందించుట: యాబదియేండ్లుగ పురపాలనమను పేర నచ్చట సాగుచున్నది ఇదియే. సరిహద్దు కావల పెరిగిన 752 మందిని వేలెత్తి చూపుట నిక మానవలెను. తన సరిహద్దులోపల పెరిగిన 44,363 మందికి నీరు, రోడ్డు, బస్సు ఏ మేర కందించెనో విన్నిపెగ్ నగరసభ ముందుగ లెక్క చెప్పవలెను.