బాపును కొత్త లాప్‌టాప్ అడిగే ముందు

ఈ సంచికకు కథలు, కవితలు చాలానే వచ్చి ఉంటాయి. నేను లెక్కల లైబ్రరీల గురించి రాస్తున్నాను. మధ్యలో పేజీ తిప్పేయకండి, ఇందులో పైసల సంగతి కూడా ఉంది.

మాది ముస్తాబాద్ దగ్గర వ్యవసాయ కుటుంబం. నా లాప్‌టాప్ యాసంగి వడ్ల పైసలతో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. ప్రాజెక్టు కోసం 2000 వరుసలు, 2000 నిలువు వరుసలున్న రెండు మాత్రికలను గుణిస్తే ఇరవై సెకండ్లకు పైగా పట్టింది. అట్లాంటివి వందలసార్లు చేయాలి. బాపుకు చెప్తే, "పాతదయింది గావచ్చు కొడుకా, వానకాలం పంట రానీ, కొత్తది చూద్దాం" అన్నాడు. పెట్టుబడి అప్పు తీరలేదని నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక సీనియర్ అన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: "తమ్మీ, నీ నంపై ఏ బ్లాస్‌తో లింకయింది?" నేను తెల్లమొహం వేశాను.

బ్లాస్ అంటే వెక్టర్లు, మాత్రికల లెక్కలు చేసే చిన్న ప్రోగ్రాముల మూట. 1979లో ఫోర్ట్రాన్ కోసం ప్రచురించారు. పిలిచే పేర్లు అవే ఉంచి, లోపలి పనితనం ఎవరైనా మెరుగుపరచవచ్చు. కజుషిగే గోటో అనే జపాన్ నిపుణుడు దాన్ని ప్రాసెసర్‌కు తగ్గట్టు చేత్తో చెక్కాడు. ఆయన పని పునాదిగా 2011లో చైనాలో ఓపెన్‌బ్లాస్ మొదలైంది. పైసా ఖర్చు లేదు.

నా గుణకారంలో 800 కోట్ల గుణింతాలున్నాయి. గుణించడం కన్నా మెమరీ నుంచి అంకెలు తేవడానికే ఎక్కువ ఆలస్యం. మా పొలంలో నాట్లప్పుడు నారు కట్టలు ముందే మడి నిండా విసిరి పెడతాం. నాటేవాళ్లు ప్రతి మొక్కకూ నారుమడి దాకా నడిస్తే పొద్దుగూకినా ఒక్క మడి కాదు. ఓపెన్‌బ్లాస్ కూడా మాత్రికను ముక్కలు చేసి, ప్రాసెసర్ పక్కనుండే క్యాష్‌లో పెట్టుకొని, ఆ ముక్కతో అయ్యే పనంతా ముగించాకే ఇంకోటి తెస్తుంది.

నేను ఎవరో ఇచ్చిన పాత కాగితం చూసి నంపైని సోర్సు నుంచి బిల్డు చేశాను. నా ఉబుంటులో ఓపెన్‌బ్లాస్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదు. అయినా బిల్డు ఆగలేదు, తన సాదా కోడుతో సర్దుకుపోయింది. వందల లైన్ల మధ్య ఒక హెచ్చరిక వచ్చిందట, చదివిందెవరు? ఆ ప్యాకేజీ, పీకేజీ-కాన్ఫిగ్ పెట్టి, 'అలౌ-నోబ్లాస్' ఫాల్స్ చేసి మళ్లీ బిల్డు చేస్తే అదే పని సెకను లోపే అయింది. లైబ్రరీ దొరక్కపోతే ఇప్పుడు బిల్డే ఆగిపోతుంది. నెమ్మదిగా ఏడిపించడం కన్నా అదే నయం.

పిప్‌తో దించుకుంటే ఓపెన్‌బ్లాస్ అందులోనే వస్తుంది కదా, ఈ తంటా దేనికని కొందరంటారు. నిజమే. కానీ విండోస్ కోసం అధికారికంగా ఇచ్చే ఆర్‌లో సాదా బ్లాసే ఉంటుంది, మన స్టాటిస్టిక్స్ మిత్రులు చూసుకోవాలి. సి.ఆర్.రావుగారు సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో మాత్రికల సామాన్యీకృత విలోమాలపై గ్రంథం వెలువరించారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ విలోమాన్ని మన కంప్యూటర్‌లో కడుతున్న లైబ్రరీ ఏదో మాత్రం అడగం.

అధ్యాపకులకు నా విన్నపం: ప్రాక్టికల్స్‌లో ఒక్క గంట దీనికివ్వండి. రికార్డులో ప్రోగ్రాం, ఫలితాలతో పాటు ఏ లైబ్రరీతో లింకయిందో కూడా రాయించండి. నంపైలో 'షో కాన్ఫిగ్' అని అడిగితే అదే చెప్తుంది.

వానకాలం పంట పైసలు బోరు మోటరు రివైండింగుకు పోయాయి. ఈ వ్యాసం ఆ పాత లాప్‌టాప్ మీదే కొట్టాను.