పుట్టుకతో రాక్షసులెవరు?

ఆటే కదా, కథన్నాక రాక్షసుడుండాలి కదా అంటారు. మేమూ ఉండొద్దనం. కానీ ఎవడా రాక్షసుడు?

తలా ఓ వేషం కట్టి, పాచికలేసి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అమెరికాలో వచ్చింది. అందులో 'ఓర్క్'లు పుట్టుకతోనే చెడ్డవాళ్లు. చంపితే పాపం లేదు, పైగా పాయింట్లు! ఆడేవాళ్లే నిలదీశారు. 2020లో కంపెనీ దిద్దుకుంటామంది. 2024 పుస్తకంలో 'రేస్' అన్న మాటే ఎత్తేసింది.

మరి మన వైకుంఠపాళి? కొన్ని పాములకు రాక్షసుల పేర్లే. పార్వతీపురం బడుల్లో నాటకమేసి, ఆ వేషం సవర, జాతాపు, దళిత పిల్లలకే అంటగడితే అది ఆట కాదు, మనువు పాఠం.

ఆటలు మానొద్దు. రూలు రాసిందెవరో పిల్లల చేత అడిగిద్దాం. చేసిన పనిని తప్పుపడదాం, పుట్టుకను కాదు!